మూర్ఛ రోగానికి కొత్త చికిత్సలు

మూర్ఛ రోగం పేరు మన ఇళ్ళల్లో ఎవ్వరూ బిగ్గరగా అనరు. అమ్మమ్మలు ‘కాకిసోమాల’ అంటారు. తమిళ దేశంలో స్థిరపడిన మనవాళ్ళు ఇరుగుపొరుగుల నోట ‘కాక్కాయ్ వలిప్పు’ అన్న మాట వినే ఉంటారు. అక్కడా కాకే, ఇక్కడా కాకే. మహారాష్ట్రంలో అపస్మారమంటారు. బడికి పోయే పిల్లలు ‘ఫిట్స్’ అంటారు. ఏ పేరు పెట్టినా గొంతు తగ్గించి చెప్పుకోవడమే మన అలవాటు. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో అయితే ఆ గుసగుస కూడా వినపడదు.

ఈ నెల ఆ రోగం సంగతి బాహాటంగా ముచ్చటిద్దామని మేము తలచాము. గత 30, 40 ఏళ్ళలో ఈ రోగానికి వచ్చిన కొత్త చికిత్సలలో చాలావాటికి దారి తీసినవారు పెద్ద పెద్ద మందుల వ్యాపారులు కారు. ఒక ఊహను నమ్ముకొని, అప్పోసప్పో చేసి, పదిమంది కూడి పెట్టిన చిన్న కంపెనీలవారు. ఇటువంటివాటినే ఈ రోజుల్లో స్టార్టప్‌లంటున్నారు. ఈ కంపెనీల కథలు వింటే ఒక సంగతి బోధపడుతుంది. వీటిలో కొన్ని ఒక తల్లో తండ్రో అన్నో తమ ఇంటి రోగాన్ని దాచక నలుగురిలో చెప్పినందువల్ల దారిన పడ్డవి.

రోగమంటే ఏమిటి?

మన మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి సన్నని విద్యుత్తు ద్వారా మాట్లాడుకుంటాయి. 1924లో జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మనిషి తలమీది నుండి ఆ విద్యుత్తును మొదటిసారి గీతలుగా పట్టగలిగాడు. 1929లో ఆ విషయం ప్రకటించాడు. నేడు ఆస్పత్రులలో తలకు తీగెలంటించి తీసే ఇ.ఇ.జి. పరీక్ష అదే. మూర్ఛ వచ్చినప్పుడు కొన్ని కణాలు, ఒక్కొక్కప్పుడు మెదడంతా, ఒక్కసారిగా అదుపు తప్పి కలిసి మోగుతాయి. సంతలో అందరూ ఒకేసారి కేకలు పెడితే ఎవరి మాటా వినపడనట్టు మెదడు పని ఆ కాసేపు ఆగిపోతుంది. మనిషి కొట్టుకోవచ్చును, పడిపోవచ్చును. లేదా అర నిమిషం శూన్యంలోకి చూస్తూ ఉండిపోవచ్చును. దీనికి గాలి కారణం కాదు, చేతబడి కారణం కాదు, పూర్వజన్మ కర్మ కారణం కాదు. ఇది పిచ్చి కాదు, అంటురోగమూ కాదు.

ప్రపంచంలో ఈ రోగమున్నవారు సుమారు 5 కోట్లమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో నూటికి 80 మంది మనవంటి పేద, మధ్యతరగతి దేశాలలోనే ఉన్నారు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఆస్పత్రి వైద్యులు ఆ నగరంలోనూ, చుట్టుపట్ల పల్లెలలోనూ కలిపి లక్షమందికి పైగా జనాన్ని ఇంటింటా విచారించి చూశారు. పట్నంలో వేయిమందికి ఆరుగురు, పల్లెలలో వేయిమందికి పన్నెండుగురు ఈ రోగమున్నవారు కనిపించారు. అంటే పల్లెలో రెట్టింపు. కాన్పు సమయంలో బిడ్డకు తగిలే దెబ్బలు, చిన్ననాటి మెదడు జ్వరాలు, తలకు గాయాలు, పంది మాంసం ద్వారా వ్యాపించే బద్దెపురుగు గుడ్లు మురికి నీటితోనూ కూరగాయలతోనూ కడుపులోకి చేరడం ఇందుకు ముఖ్య కారణాలలో కొన్ని. మాంసం ముట్టని ఇళ్ళవారికీ ఈ చివరిది రావచ్చునని గుర్తుంచుకోవాలి.

పాత మందులు చేసే మేలు

కొత్తవాటి సంగతికి ముందు పాతవాటికి దణ్ణం పెట్టుకోవడం న్యాయం. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ ఈ రోగానికి పనికివస్తవని తెలిసింది. 1963లో ఫ్రాన్సులో వాల్ప్రోయేట్ గుణం కేవలం యాదృచ్ఛికంగా బయటపడింది. వేరే పదార్థాలను కరిగించడానికి వాడిన ద్రవమే అసలు మందని తేలింది! ఈ మాత్రలు నేటికీ ఊరూరా దొరుకుతున్నవి. ఫినోబార్బిటాల్‌తో ఒక రోగికి ఏడాదికయ్యే ఖర్చు 5 డాలర్లకు మించనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

కర్ణాటకలోని యళందూరులో బెంగుళూరు వైద్యుడు డాక్టర్ కె. ఎస్. మణి, ఆయన సహచరులు సుమారు 65 వేలమంది జనాభాలో మూర్ఛ రోగులను వెదికి, ఈ పాత మందులు రెండింటిలో ఒకటి ఇచ్చి ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. చౌక మందులతోనే పల్లెలో రోగాన్ని అదుపు చేయవచ్చునని వారు 2001లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించారు. నగరాల ఆస్పత్రులకు పోలేనివారికి ఇంతకన్న మంచి కబురేమున్నది!

అయితే కొత్త కంపెనీలతో పనేమిటని పాఠకులు అడుగవచ్చును. గ్లాస్గో నగర వైద్యులు 525 మంది రోగులను గమనించి 2000 సంవత్సరంలో చెప్పిన లెక్కలో ఇందుకు జవాబున్నది. మొదటి మందుతోనే నూటికి 47 మందికి ఫిట్లు ఆగిపోయినవి. రెండో మందుతో మరి 13 మందికి ఆగినవి. అక్కడినుండి మందులు మార్చి మార్చి ఇచ్చినా తగ్గినవారు బహు కొద్దిమంది. నూటికి 36, 37 మంది మిగిలిపోయారు. మాత్రలకు లొంగని ఆ మూడో వంతు కోసమే ఈ కంపెనీల ప్రయాస.

మెడలో నరం, పుర్రెలో యంత్రం

ఫిలడెల్ఫియాలో జేకబ్ జబారా అనే శాస్త్రజ్ఞుడు మెడ పక్కగా గుండెకూ కడుపుకూ దిగే వేగస్ నరాన్ని సన్నని విద్యుత్తుతో మీటితే మూర్ఛ ఆగుతుందని కుక్కలలో కనుగొన్నాడు. గుండెకు పెట్టే పేస్‌మేకర్ యంత్రాల పని తెలిసిన రీస్ టెరీ అనే ఇంజనీరుతో కూడి 1987లో సైబరానిక్స్ అనే కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడే, 1988లో, మొదటి మనిషికి ఆ యంత్రం అమర్చారు. గడియారమంత బిళ్ళ ఎడమ రొమ్ముపైన చర్మం కింద ఉంటుంది. దాని తీగె మెడలోని నరానికి చుట్టి ఉంటుంది. సాధారణంగా అయిదు నిమిషాలకొకసారి అర నిమిషం పాటు నరాన్ని మీటుతుంది. ఫిట్ వచ్చేటట్టున్నదని రోగికి తోస్తే అయస్కాంతాన్ని ఆ బిళ్ళమీద తిప్పితే వెంటనే అదనంగా మీటుతుంది. మీటేటప్పుడు గొంతు కొంచెం బొంగురుపోతుంది. 1997లో అమెరికా ప్రభుత్వం దీన్ని అనుమతించింది. నేటివరకు లక్షమందికి పైగా అమర్చారు. మన దేశపు పెద్ద ఆస్పత్రులలోనూ అమర్చుతున్నారు. ఇది ఫిట్లను పూర్తిగా పోగొట్టడం అరుదు. తగ్గిస్తుంది, అదీ నెలలమీద, ఏళ్ళమీద.

సైబరానిక్స్ యంత్రానికి అనుమతి వచ్చిన 1997లోనే కాలిఫోర్నియాలో న్యూరోపేస్ అనే మరో చిన్న కంపెనీ పుట్టింది. వీరి ఊహ ఒక మెట్టు పైది. యంత్రాన్ని పుర్రె ఎముకలోనే పొదిగి, రెండు తీగెలను మూర్ఛ పుట్టే చోటికే పంపుతారు. అది రాత్రింబవళ్ళు మెదడు గీతలను చదువుతూ ఉంటుంది. మూర్ఛ మొదలయ్యే గుర్తు కనబడిన మరుక్షణం చిన్న విద్యుత్తు వదిలి మొగ్గలోనే తుంచుతుంది. మంట లేవక ముందే నీళ్ళు చల్లే కాపలావాడివంటిదన్నమాట. 191 మందిమీద పరీక్షించిన మీదట 2013 నవంబరులో అమెరికాలో అనుమతి దొరికింది. అంటే కంపెనీ పుట్టినది మొదలు 16 ఏళ్ళు! యంత్రం పెట్టించుకొని తొమ్మిదేళ్ళు గడిచినవారిలో సగంమందికి ఫిట్లు ముప్పాతిక వంతో, అంతకంటే ఎక్కువో తగ్గినవని 2020లో ప్రకటించారు.

ఈ యంత్రం వల్ల ఎవరూ ఎదురు చూడని మేలొకటి జరిగింది. మన పెద్దలు ‘అమావాస్యకూ పున్నానికీ ఫిట్లు వస్తాయి’ అనడం కద్దు. ఏళ్ళ తరబడి పోగైన మెదడు గీతలను చూడగా, చాలామందిలో మూర్ఛకు అనువైన రోజులు 20, 30 రోజుల కొకసారి తిరిగి తిరిగి వస్తున్నవని 2018లో తేలింది. అయితే ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్క తీరు. పంచాంగం చూసి చెప్పేది కాదు. పెద్దలు గమనించినదానిలో కొంత నిజమున్నది, చంద్రుడిమీద మోపిన నేరం మాత్రం నిలువదు.

గంజాయి మొక్కలో మందు

కొందరు పిల్లలకు రోజుకు పదులు, వందలు ఫిట్లు వస్తాయి. అటువంటి మొండి మూర్ఛలలో ద్రావే వ్యాధి, లెనాక్స్–గాస్టో వ్యాధి అనేవి ఉన్నవి. వీటికి వచ్చిన మందు కథ చిత్రమైనది. 1998లో ఇంగ్లండులో ఇద్దరు వ్యక్తులు జి.డబ్ల్యు. ఫార్మాస్యూటికల్స్ అనే కంపెనీ పెట్టి, ప్రభుత్వ అనుమతితో అద్దాల ఇళ్ళలో గంజాయి మొక్కలు పెంచసాగారు. ఆ మొక్కలో మత్తు కలిగించేది ఒక పదార్థం, మత్తు లేనిది కెనబిడయాల్ అనే మరొకటి. వారు మొదట మూర్ఛ కోసం పనిచేయలేదు. 2012 డిసెంబరులో ఫ్రెడ్ వోగెల్‌స్టీన్ అనే అమెరికా పత్రికా రచయిత, ఆయన భార్య, రోజుకు వంద వరకు ఫిట్లు పడుతున్న తమ కుమారుని వెంటబెట్టుకొని లండన్ వెళ్ళారు. ఆ కంపెనీ తయారు చేసిన శుద్ధమైన కెనబిడయాల్ ఇచ్చి చూశారు. పిల్లవాడి ఫిట్లు ఎంతగానో తగ్గినవి. తిరిగి వచ్చి ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. ప్రభుత్వాన్ని ఒప్పించి అమెరికాలో ఆ మందు తెప్పించుకున్నారు. తమ సంగతి పత్రికల కెక్కించారు.

అక్కడినుండి పద్ధతి ప్రకారం పరీక్షలు జరిగినవి. ద్రావే వ్యాధి ఉన్న 120 మందిమీద చేసిన పరీక్ష ఫలితం 2017లో వెలువడింది. మందు తీసుకున్నవారి మధ్యస్థ లెక్కలో నెలకు 12 పైచిలుకు ఉన్న పెద్ద ఫిట్లు 6కు తగ్గగా, ఉత్త ద్రవం తాగినవారిలో 15 దాదాపు 14 అయి ఆగింది. 2018 జూన్‌లో ‘ఎపిడియోలెక్స్’ అన్న పేరుతో ఆ మందు అమెరికాలో అనుమతి పొందింది. గంజాయి మొక్కనుండి తీసి శుద్ధి చేసిన మందుకు అక్కడ అనుమతి దొరకడం అదే ప్రథమం. 2021లో జాజ్ అనే కంపెనీ జి.డబ్ల్యు.ను సుమారు 720 కోట్ల డాలర్లకు కొన్నది.

ఇక్కడ పాఠకులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. బజారులో గంజాయి నూనె పేరిట అమ్మేవన్నీ ఈ మందు కావు. వాటిలో ఏది ఎంత ఉన్నదో తెలియదు. శుద్ధమైన మందు కూడా కాలేయానికి ఇబ్బంది చేయవచ్చును. వాల్ప్రోయేట్‌తో కలిసినప్పుడు మరీను. క్లోబజామ్ మాత్ర వేసుకునేవారికి మగత పెంచవచ్చును. వైద్యుడు రక్తపరీక్షలు చేస్తూ ఇవ్వవలసిన మందు ఇది.

ఇంకొక మందు చెత్తబుట్టలోనుండి లేచి వచ్చింది. ఫెన్‌ఫ్లురమిన్ అనే మాత్రను ఒకప్పుడు ఒళ్ళు తగ్గడానికి వాడేవారు. గుండె కవాటాలను చెడగొడుతున్నదని 1997లో దాన్ని అంగళ్ళనుండి తీసివేశారు. బెల్జియంలో కొందరు వైద్యులు మాత్రం ప్రత్యేకానుమతితో బహు కొద్ది మోతాదులో ద్రావే పిల్లలకు ఇస్తూ వచ్చారు. 12 మంది రోగుల అనుభవాన్ని 2012లో ప్రకటించారు. ఆ కాగితాన్ని నమ్మి ఒక చిన్న కంపెనీ, దాన్ని కొన్న జోజెనిక్స్ అనే మరో కంపెనీ పరీక్షలు జరిపించి 2020 జూన్‌లో అనుమతి పొందినవి. ఇది వాడే పిల్లలకు గుండె పరీక్ష తప్పనిసరిగా చేస్తూ ఉండాలి. బెల్జియంలో పన్నెండుమంది ఇంటివారు పిల్లలను క్రమం తప్పకుండా చూపించకపోతే ఈ మందు మళ్ళీ వెలుగు చూసేదే కాదు.

ముంజేతి పట్టీ

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో రోజలిండ్ పికార్డ్ అనే ప్రొఫెసరు చర్మం చెమర్చే తీరునుబట్టి మనిషి ఉద్రేకాలను కొలిచే ముంజేతి పట్టీలు తయారు చేసేవారు. ఒక విద్యార్థి సెలవులకు ఇంటికి పోతూ, మాట రాని తమ్ముడి కలవరం తెలుసుకోవాలని రెండు పట్టీలు అడిగి పట్టుకుపోయాడు. గీతలు చూస్తున్న పికార్డ్‌కు ఒక రోజున ఒక చేతి గీత ఎన్నడూ చూడనంత ఎత్తు లేవడం కనిపించింది. యంత్రం చెడిందనుకొని విద్యార్థికి ఫోను చేశారు. ఆ సమయానికి కొంచెం తరువాతనే తమ్ముడికి పెద్ద మూర్ఛ వచ్చిందని అతడు దినచర్య చూసి చెప్పాడు! పికార్డ్ బోస్టన్ పిల్లల ఆస్పత్రి వైద్యులతో కలిసి పరిశోధన సాగించారు. 2011లో ఇటలీకి చెందిన యువకులతో కూడి ఎంపాటికా అనే కంపెనీ ఏర్పడింది. వీరి ‘ఎంబ్రేస్’ పట్టీకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొట్టుకునే పెద్ద ఫిట్‌ను చర్మపు తేమ, చేతి కదలికలనుబట్టి పసికట్టి ఇంటివారి ఫోనుకు కబురంపుతుంది.

కబురుతో ఏమి లాభమని తోచవచ్చును. మూర్ఛ రోగులలో ఏటా వేయిమంది పెద్దవారికి ఒకరు చొప్పున, పైకి ఏ కారణం కనిపించకుండా, తరచు నిద్రలో, హఠాత్తుగా మరణిస్తున్నారు. పిల్లలలో ఇది 4,500 మందికి ఒకరు. పక్కన మనిషి ఉండి పక్కకు తిప్పి, ఊపిరి ఆడుతున్నదా అని చూడగలిగితే ఈ అపాయం తగ్గుతుందని వైద్యులు తలుస్తున్నారు. అన్నిటికంటె ముఖ్యం, మందు వేళకు వేసుకొని పెద్ద ఫిట్లు రాకుండా చూసుకోవడం.

మన బెంగుళూరులోనూ రాజలక్ష్మీ బోర్ఠాకుర్ అనే ఆమె తన కుమారుడు మూర్ఛతో పడే అవస్థ చూసి, టెర్రాబ్లూ అనే సంస్థ నెలకొల్పి, ‘టీజే’ అనే చేతితొడుగును రూపొందించడానికి పూనుకున్నారు. ఇది కూడా ఒక తల్లి నోరు విప్పిన కథే.

నడిమధ్యలో ఆగిన నావ

అన్ని కంపెనీలూ గట్టెక్కవు. ఆ సంగతి దాచడం మంచిది కాదు. అమెరికాలోని సియాటిల్‌లో న్యూరోవిస్టా అనే కంపెనీ, మూర్ఛ రాబోతున్నదని ముందుగా హెచ్చరించే యంత్రం చేసింది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో డాక్టర్ మార్క్ కుక్ ఆధ్వర్యంలో 15 మందికి దానిని అమర్చారు. చేతిలోని పెట్టెమీద నీలం దీపం వెలిగితే భయం లేదు, తెల్లనిది వెలిగితే మధ్యమం, ఎర్రనిది వెలిగితే జాగ్రత్త. వారిలో ఒక స్త్రీకి ఆ దీపం వల్ల బ్రతుకే మారిపోయింది. ఎర్రదీపం చూసి మందు వేసుకునేది, ధైర్యంగా వీధిలోకి పోయేది. 2013లో పరీక్ష ఫలితాలు ప్రకటితమైనవి. మూర్ఛను ముందుగా పసికట్టడం సాధ్యమేనని అందరూ ఒప్పుకున్నారు. కాని కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. యంత్రాలు తీసివేయవలసి వచ్చింది. ఆమె భార్యాభర్తలు ఇల్లు తాకట్టు పెట్టి అయినా దానిని కొనుక్కుంటామన్నారు. వీలుపడలేదు. యంత్రం పోయినప్పుడు తనలో ఒక భాగం పోయినట్టు ఆమె దుఃఖించింది.

డాక్టర్ కుక్ పట్టు వదలలేదు. మెల్బోర్న్‌లోనే ఎపిమైండర్ అనే సంస్థ ద్వారా, తలచర్మం కింద పెట్టి మెదడు గీతలను నెలల తరబడి నమోదు చేసే యంత్రం తయారైంది. 2025లో దానికి అమెరికా అనుమతి లభించింది.

ఇంకా పరీక్షలలో ఉన్న రెండు ప్రయత్నాలను కూడా పేర్కొనాలి. కాలిఫోర్నియాలోని న్యూరోనా కంపెనీ, మెదడును శాంతపరచే కణాలను ప్రయోగశాలలో పెంచి, మూర్ఛ పుట్టే చోట నాటుతున్నది. 2022లో మొదటి రోగికి నాటారు. మసాచుసెట్స్‌లోని స్టోక్ కంపెనీ ద్రావే వ్యాధికి మూలమైన జన్యువు చేయవలసిన పనిని పెంచే మందును వెన్నులో సూదిద్వారా ఇస్తున్నది. 2025 నాటికి రెండూ పరీక్షల చివరి దశకు చేరినవి. చివరి దశలో ఓడిపోయిన మందులూ ఉన్నవి గనుక, ఎవరైనా ‘పూర్తిగా నయం చేస్తాము’ అంటే చెక్కు రాయక ముందు ఆగి ఆలోచించాలి.

ఖర్చు సంగతి

ఎపిడియోలెక్స్ అంగడికి వచ్చినప్పుడు అమెరికాలో ఏడాదికి సుమారు 32,500 డాలర్లు, అంటే అప్పటి మారకంలో 22 లక్షల రూపాయలు అయింది. ఇది మన మధ్యతరగతి సంసారాలకు అందేది కాదు. అయితే మాత్రలకు లొంగని వారందరికీ ఈ ఖరీదైన దారే గతి అనుకోరాదు. మెదడులో మూర్ఛ పుట్టే చోటు ఒక్కటే అయి, తీసివేయడానికి వీలున్న చోటయితే శస్త్రచికిత్స ఉన్నది. కణతల లోపలి భాగంలో పుట్టే మూర్ఛకు శస్త్రం చేయించుకున్నవారిలో నూటికి 58 మందికి ఏడాది తరువాత స్పృహ తప్పే ఫిట్లు లేవనీ, మందులమీదనే ఉంచినవారిలో 8 మందికే ఆ అదృష్టం పట్టిందనీ 2001లో కెనడా వైద్యులు నిరూపించారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో 1995 నుండి ఈ శస్త్రచికిత్సలు చేస్తున్నారు. రెండు మందులు సరిగా వాడినా ఫిట్లు ఆగకపోతే, ఇటువంటి పెద్ద కేంద్రంలో ఒకసారి చూపించుకోవడం అవసరం. పదేళ్ళు ఆగి పోవడం కంటె రెండేళ్ళకే పోవడం మేలు.

పెళ్ళి మాట

ఇక మన ఇళ్ళ సంగతి. మందులున్నా, యంత్రాలున్నా, రోగాన్ని దాచినవారికి అవి అందవు. పెళ్ళి చూపుల నాటికి మాత్ర ఆపించడం, అత్తవారింట్లో మాత్రల సీసా బియ్యపు డబ్బాలో దాచుకోవడం, పురిటికి వచ్చినప్పుడు తప్ప వైద్యునికి చూపించకపోవడం మనకు తెలియనివి కావు. మందు హఠాత్తుగా ఆపితే ఫిట్లు వెంటవెంటనే వచ్చి ప్రాణంమీదికి రావచ్చును. పెళ్ళి పనుల నిద్రలేమి కూడా తోడైతే చెప్పనక్కరలేదు.

భయానికి ఒకనాడు చట్టం కూడా తోడుండేది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణలో, మాటిమాటికీ మూర్ఛ వచ్చేవారి వివాహం రద్దు చేయడానికి వీలు కల్పించారు. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టంనుండి తొలగించింది. కనుక మూర్ఛ రోగం పెళ్ళికి అడ్డమని ఇప్పుడు ఏ చట్టమూ అనదు. రోగం ఉన్నదని చెప్పి చేసిన పెళ్ళికి భయం లేదు. దాచి చేసిన పెళ్ళి మాత్రం, తరువాత బయటపడినప్పుడు, మోసం చేశారన్న తగవుకు తావిస్తుంది. పైగా పిల్లకు జీవితాంతం గుండెల్లో బరువు.

ఆడపిల్లల తల్లులు మరొకటి తెలుసుకోవాలి. వాల్ప్రోయేట్ మాత్ర గర్భంలోని శిశువుకు హాని చేయవచ్చును. అందుచేత పెళ్ళికి ముందే, గర్భం రాకముందే వైద్యునితో చెప్పి తగిన మందుకు మార్పించుకోవాలి. తమంతట తాము ఆపరాదు. సరైన మందుతో, సరైన పర్యవేక్షణలో మూర్ఛ ఉన్న స్త్రీలలో చాలామంది ఆరోగ్యమైన బిడ్డలను కంటున్నారు.

ఫిట్ వచ్చినప్పుడు

ఏ యంత్రమూ లేని ఇంట్లో కూడా చేయదగినవి ఇవి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తలకింద మెత్తని గుడ్డ పెట్టాలి. మెడ దగ్గర బిగుతుగా ఉన్నవి వదులు చేయాలి. చేతిలో తాళంచెవుల గుత్తి, ఇనుపముక్క పెట్టనక్కరలేదు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించనక్కరలేదు. నోట్లో చెంచా గాని వేలు గాని పెట్టరాదు. నీళ్ళు తాగించరాదు. కాళ్ళూ చేతులూ బలవంతంగా అణచిపట్టరాదు. గడియారం చూడాలి. సాధారణంగా రెండు మూడు నిమిషాలలో తగ్గిపోతుంది. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండా మళ్ళీ మొదలైనా ఆస్పత్రికి తీసుకుపోవాలి. వీలైతే ఇంట్లో ఎవరైనా ఫోనులో దృశ్యం తీయవచ్చును. వైద్యునికి అది వెయ్యి మాటల కంటె ఉపయోగం.

ఇంకొక చిన్న పని పాఠకులకు అప్పగిస్తున్నాము. తేదీ, వేళ, ఎంతసేపు, ముందు రోజు నిద్ర పట్టిందా, మాత్ర వేసుకున్నారా అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆ విద్యార్థి తమ్ముడి దినచర్య రాసి ఉండకపోతే ముంజేతి పట్టీ పుట్టేదా? ఆ పుస్తకం పట్టుకొని, పిల్లనో పిల్లవాణ్ణో వెంటబెట్టుకొని, నాడీ వైద్యుని దగ్గరికి వెళ్ళండి. దారిలో ఎవరైనా ‘ఎక్కడికి?’ అని అడిగితే నిజం చెప్పండి. అడిగినవారి ఇంట్లోనూ ఒక మాత్రల సీసా డబ్బాలో దాగి ఉన్నదేమో ఎవరికి తెలుసు!